మెకంజీ దొర, మన చెన్నమ్మ

ఊళ్ళ చరిత్ర వ్రాసేవాళ్ళు అడుగడుగునా తలుచుకొనే పేరు ఒకటుంది. మెకంజీ. ఫలానా గుడి ఎవరు కట్టించారు, ఫలానా చెరువు ఎప్పుడు త్రవ్వించారు అని అడిగితే, చదువుకున్న పెద్దలు చివరికి 'మెకంజీ కైఫీయత్తుల్లో చూడాలమ్మా' అంటారు. ఈవేళ నేను చెప్పబోయేది ఆ కైఫీయత్తుల సంగతి కాదు. ఆ దొరగారి ఇంటిపేరు సంగతి. దొర ఇంటిపేరుతో ఆడవాళ్ళకేం పని అంటారేమో, కాస్త ఓపిక పట్టండి. ఆ పేరు విప్పి చూస్తే లోపల మన మార్కాపురం చెన్నయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన ప్రక్కనే చెన్నమ్మ కూడా ఉంది.

కాలిన్ మెకంజీ 1754లో పుట్టాడు. స్కాట్లండుకు వాయవ్య దిక్కున సముద్రంలో లూయిస్ అనే ద్వీపం ఉంది. అందులో స్టోర్నవే అనే రేవు ఆయన పుట్టినూరు. 1783లో కుంపిణీ సైన్యంలో ఇంజనీరుగా చెన్నపట్నంలో దిగాడు. 1794లో నల్లమల అడవుల్లో ప్రయాణం చేసి శ్రీశైలం చూశాడు. అక్కడి గుడిని వర్ణిస్తూ ఆయన వ్రాసిన వ్యాసం తరువాత కలకత్తాలో అచ్చయింది. అప్పట్లో కంభం సీమ నిజాము చేతిలో ఉండేది. 1800లో నిజాము ఈ ప్రాంతాలను కుంపిణీకి ధారపోస్తే దత్తమండలాలు అయ్యాయి. ఆ తరువాత మార్కాపురం, కంభం కొంతకాలం కడప జిల్లా అన్నారు, 1858 నుంచి కర్నూలు జిల్లా అన్నారు, 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. వంటింట్లో డబ్బా మీది చీటీ మార్చినట్టు పైపేర్లు మారుతూ వచ్చాయి. లోపల ఉన్న కందిపప్పు కందిపప్పే.

మెకంజీకి తెలుగు రాదు. ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య అనే యువకుడు ఆయనకు కళ్ళూ చెవులూ అయ్యాడు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. వీళ్ళూ వీళ్ళ క్రింది గుమాస్తాలూ ఊరూరా తిరిగి, కరణాల చేత చెప్పించుకొని, దండకవిలెలు చూసి వ్రాసిపెట్టినవే మనం మెకంజీ కైఫీయత్తులు అంటున్నవి. కష్టం తెలుగువాళ్ళది, పేరు దొరది. సరే, ఇప్పుడు ఆ పేరు దగ్గరకే వద్దాం.

మెకంజీ కాలంలో లూయిస్ ద్వీపంలో ప్రజల భాష ఇంగ్లీషు కాదు, గేలిక్. ఐర్లండు భాషకు అది చెల్లెలు. ఆ భాషలో 'మక్' అంటే కొడుకు. మెకంజీ అంటే 'కొన్యఖ్ కొడుకు', అంటే ఆ పేరుగల మూలపురుషుడి సంతతి వాళ్ళు. ఈ కొన్యఖ్ అనే మగవాడి పేరునే ఇంగ్లీషువాళ్ళు కెన్నెత్ అని పలుకుతారు. క్రికెట్టు వ్యాఖ్యానాలలోనూ ఇంగ్లీషు సినిమాలలోనూ ఈ కెన్నెత్తులు మీకు తగిలే ఉంటారు. ఇది ఐర్లండు నుంచి వచ్చిన పాత పేరు. 'కైన్' అనే ప్రాచీన ఐరిష్ మాట నుంచి పుట్టింది. కైన్ అంటే అందమైన, సొగసైన, చక్కని. కాబట్టి కెన్నెత్ అంటే అందగాడు, చక్కనయ్య. ఇంకా దగ్గరగా చెప్పాలంటే చెన్నయ్య. అంటే మన ఊళ్ళ చరిత్రలు పోగుచేసి పెట్టిన మెకంజీ దొర అచ్చంగా 'చెన్నయ్యగారి అబ్బాయి' అన్నమాట!

ఆ పేరులో 'జీ' అనే అక్షరం ఎలా వచ్చిందో చెబితే మీకు నవ్వొస్తుంది. పాత స్కాట్లండు వ్రాతలో 'య' ధ్వనికి మూడు అంకెలాంటి అక్షరం ఒకటుండేది. అచ్చుయంత్రాలు వచ్చాక ఆ అక్షరానికి అచ్చు దొరకలేదు. అటువంటి ఆకారమే కదా అని 'జడ్' అక్షరం పెట్టి పని కానిచ్చారు. తరువాతివాళ్ళు కళ్ళకు కనిపించినదే చదివారు. మెకెన్యీ కాస్తా మెకంజీ అయి కూర్చుంది. మన బండి ఱ ఇంకా పుస్తకాలలోనైనా బ్రతికి ఉంది. పాపం, వాళ్ళ అక్షరం అదీ లేకుండా పోయింది.

ఇక్కడ ఒక చిక్కుంది. కెన్నెత్, చెన్నయ్య, రెండూ చెవికి దగ్గరగా ఉన్నాయి, అర్థమూ ఒకటే, కాబట్టి రెండూ ఒకే మాట అయి ఉంటుంది అని ఉత్సాహపడేవాళ్ళు ఉంటారు. తెలుగు 'చెవి' కన్నడంలో 'కివి', మన 'చేయి' వాళ్ళకు 'కై', అలాగే 'చెన్న' కూడా ఒకప్పుడు 'కెన్న' కాకూడదా అని వాదిస్తారు. కాకూడదు. ఎందుకంటే కన్నడంలో కూడా అది 'చెన్న'యే, 'కెన్న' కాదు. పైగా గేలిక్ ఒక భాషా కుటుంబం, తెలుగు మరొకటి. అక్కడొక తల్లీ ఇక్కడొక తల్లీ బిడ్డను చూసి మురిసి 'అందగాడు' అని పిలుచుకున్నారు. అంతకుమించి చుట్టరికం లేదు. నా మట్టుకు నాకు ఆ మాత్రం చాలు.

ఇక మన చెన్న సంగతి. నిఘంటువు తీసి చూడండి. 'చెన్ను' అంటే అందం, సొంపు, ఒప్పిదం. చెన్నొందు, చెన్నగు, చెన్నుమీరు అని మన కావ్యాలలో విరివిగా కనిపిస్తుంది. మాటల్లో మనం దాన్ని వదిలేశాం గాని, కన్నడం వాళ్ళు వదలలేదు. బెంగుళూరులో కాపురం చేసివచ్చిన వాళ్ళను అడగండి. కాఫీ బాగుంటే 'చెన్నాగిదె' అంటారు. మనకు ఆ మాట పేర్లలో మాత్రం మిగిలింది. తాతముత్తాతల నగ పెట్టె అడుగున పడి ఉన్నట్టు. మెరుగు పెట్టించకపోతే ఇత్తడి అనుకుంటారు.

మార్కాపురంలో చెన్నకేశవస్వామి ఉన్నాడు. పదహారవ శతాబ్దం నాటి విజయనగర శాసనాలు ఉన్న గుడి అది. చెన్నకేశవుడు అనే పేరే ఒక చిత్రం. 'చెన్న' మన దేశి మాట, 'కేశవ' సంస్కృతం. కేశవుడంటే చక్కని కేశాలు కలవాడు అని ఒక అర్థం. ఆ చక్కనివాడికి మన పెద్దలు ముందర ఇంకొక చక్కదనం తగిలించారు. పెళ్ళికూతురికి ఎన్ని నగలు పెట్టినా ఇంకొకటి పెడితే బాగుండు అనిపిస్తుందే, అటువంటిది. హొయసల విష్ణువర్ధనుడు 1117లో కట్టించిన బేలూరు గుడిలో ఉన్నదీ చెన్నకేశవుడే. పలనాటి మాచెర్లలో ఉన్నదీ, అన్నమయ్య పుట్టిన తాళ్ళపాకలో ఉన్నదీ ఆయనే. పలనాటి కథలో బ్రహ్మనాయుడు మాచెర్ల చెన్నకేశవుడికి భక్తుడు. అన్ని కులాల వాళ్ళనూ ఒక్క బంతిలో కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని చెప్పుకుంటారు. కోడిపందెంలో ఓడి ఊరు విడిచినప్పుడు వాళ్ళు తలదాచుకున్న మేడపి, మన త్రిపురాంతకం దగ్గరి ఊరే.

మార్కాపురం పేరు కూడా ఒక ఆడమనిషి పేరు మీద వచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటారు. మారిక అనే గొల్లయువతి పేరట అది, మారికాపురం. అలాగే కంభం చెరువు గజపతుల ఆడబిడ్డ వరదరాజమ్మ కట్టించిందని ఐతిహ్యం. ఈ సీమలో నీళ్ళ దగ్గరా పాల దగ్గరా ఆడవాళ్ళ పేర్లు నిలిచాయి చూశారా!

మా చిన్నతనంలో ఆ ప్రాంతంలో ఏ వీధిలోకి వెళ్ళినా ఒక చెన్నయ్యో, చెన్నకేశవులో, చెన్నారెడ్డో, చెన్నమ్మో పలికేవాళ్ళు. వైష్ణవుల ఇంట్లోనే అనుకోకండి. కొండ ఎక్కి శ్రీశైలం వెళ్తే అక్కడ ఇదే చెన్న శివుడిదయింది. పన్నెండవ శతాబ్దంలో అక్కమహాదేవి అనే కన్నడ యువతి సంసారం వద్దనుకొని, మల్లికార్జునుడే తన మగడని, ఇల్లు విడిచి నడిచి నడిచి శ్రీశైలం చేరింది. ఆమె వచనాలన్నిటిలో స్వామిని పిలిచే పేరు 'చెన్నమల్లికార్జున'. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం కదా. అంటే ఆ కొండకు ఇటువైపు నుంచి ఎక్కేవాళ్ళ ఊళ్ళో చెన్నడు విష్ణువు, ఎక్కాక చెన్నడు శివుడు. పేరు మాత్రం తగువు పడలేదు.

కులం దగ్గరా అంతే. పదమూడవ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు తెలుగులో చెప్పిన బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. ఆయన అంటరానివాడని ఊరు దూరం పెట్టిన మనిషి. ఆయన పెట్టిన అంబలి శివుడు కడుపారా త్రాగాడు. త్రాగి, చోళరాజు వడ్డించిన పంచభక్ష్యాలు ముట్టలేదు. అదే పేరు దామెర్ల చెన్నప్ప నాయకుడనే ప్రభువుకూ ఉంది. ఆయన కొడుకులు 1639లో ఇంగ్లీషువాళ్ళకు సముద్రపు ఒడ్డున కోట కట్టుకోవడానికి చోటిప్పిస్తూ, అక్కడి ఊరికి తండ్రి పేరు పెట్టించారు. అదే చెన్నపట్నం. కాదు, అక్కడి చెన్నకేశవస్వామి గుడిని బట్టి వచ్చిందని మరికొందరంటారు. పద్దెనిమిదవ శతాబ్దంలో కుంపిణీవారు కోటకు అడ్డమని ఆ పాత గుడి తీయించి వేరేచోట స్థలం ఇస్తే, అక్కడ చెన్నకేశవుడికీ చెన్నమల్లీశ్వరుడికీ ప్రక్కప్రక్కన జంట గుళ్ళు వెలిశాయి. ఎటు తిప్పినా చెన్నే. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చేదాకా మనవాళ్ళు కోర్టు పనికైనా, కాలేజీ చదువుకైనా వెళ్ళింది ఆ చెన్నపట్నానికే. 1996లో సర్కారువారు మద్రాసు అనే పేరు తీసి చెన్నై అని ఖాయం చేశారు. ఐర్లండులో కూడా ఇలాంటి ఊరుంది. కిల్కెన్నీ. కైనెఖ్ అనే ఆరవ శతాబ్దపు సాధువు పేరు మీద వెలసిన గుడి, ఆ గుడి పేరే ఊరిపేరు. మన లెక్కన అది వాళ్ళ చెన్నాలయం.

ఇంత పేరుకు ఇప్పుడు ఏమి గతి పట్టిందో చూడండి.

మా దగ్గరి బంధువుల ఇంట్లో ఈమధ్య బారసాల జరిగింది. పసిపిల్ల నాయనమ్మగారి పేరు చెన్నమ్మ. ఆవిడ గిద్దలూరు ప్రాంతపు ఆడపడుచు. నాయనమ్మ పేరు కలిసేలా పెడదామని ఇంట్లో పెద్దాయన అన్నారు. పిల్లలు ఒప్పుకోలేదు. 'చెన్నమ్మేమిటి మామయ్యా, మోటుగా! రేపు స్కూల్లో నవ్వరూ?' అన్నది కోడలు. ఆ అమ్మాయి చెడ్డది కాదు, అత్తగారంటే ప్రాణం. కానీ పేరు దగ్గరకు వచ్చేసరికి మనసొప్పలేదు. పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో 'రూపశ్రీ' అని వ్రాయించారు. అందరూ చక్కని పేరు అన్నారు. చక్కని పేరే. రూపమన్నా చెన్నన్నా ఒకటేనని ఆ పళ్ళెం చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. చెన్నమ్మగారికి కూడా తన పేరుకు అర్థం ఎవరూ చెప్పినట్టు లేదు. ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి పాయసంలోకి జీడిపప్పు వేయించుకుంది.

అక్కడ నోరు విప్పడం నాకు బాగుండదనిపించింది, శుభమా అని పేరు పెట్టుకుంటుంటే. ఆ రాత్రి మాత్రం ఆవిడను కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. అంతా విని, 'అయితే మా అమ్మ నన్ను అందగత్తె అనుకుందంటావా, అమ్మాయీ?' అని అడిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి.

మోటు అనేవాళ్ళ కోసం ఇద్దరు చెన్నమ్మలను చెబుతాను. ఇద్దరూ కన్నడదేశపు రాణులే. కెళది చెన్నమ్మ పదిహేడవ శతాబ్దం చివర పాతికేళ్ళు రాజ్యం చేసింది. శివాజీ కొడుకు రాజారాం మొగలుల నుంచి ప్రాణాలు దక్కించుకొని పారిపోతూ వస్తే, ఔరంగజేబు సైన్యానికి జంకక 1689లో అతనికి ఆశ్రయమిచ్చి దాటించింది. కిత్తూరు చెన్నమ్మ 1824లో, పెంచుకున్న కొడుకుకు రాజ్యం చెల్లదని కుంపిణీవారు అంటే కత్తి పట్టింది. మొదటి పోరాటంలో కలెక్టరు థాకరే దొర చనిపోయాడు. రెండోసారి కోట పడిపోయి, ఆమె బైలహొంగల కోటలో ఖైదీగా 1829లో కన్నుమూసింది. ఝాన్సీ లక్ష్మీబాయికి ముప్ఫై ఏళ్ళ ముందు మాట ఇది. ఆ పేరు పెట్టుకొని బడికి వెళ్తే నవ్వేదేమిటో నాకైతే అర్థం కాదు.

మోటుతనం ఒక్కటే కాదు, ఈ పేరుకు ఇంకొక గండం ఉంది. వ్రాసుకొనేవాళ్ళు 'చెన్న'ను 'చిన్న' చేస్తారు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా. ఓటర్ల జాబితాలో చిన్నమ్మ, పొలం పాసుపుస్తకంలో చెన్నమ్మ, బ్యాంకులో మళ్ళీ చిన్నమ్మ. ఈ ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్టు వేయలేక సతమతమైన కుటుంబాలు నాకు తెలుసు. 'చిన్న' వేరు, 'చెన్న' వేరు. ఒకటి కొలత, ఒకటి అందం. కెన్నెత్ పేరుకూ ఇదే పట్టింది లెండి. స్కాట్లండులో 858లో చనిపోయిన కెన్నెత్ మెకాల్పిన్ అనే ప్రసిద్ధ రాజు ఉన్నాడు. ఆయన అసలు పేరు కొన్యఖ్ కాదు, 'కినాయెద్'. నిప్పుతో ముడిపెట్టి అర్థం చెప్పే వేరే పేరది. ఇంగ్లీషు గుమాస్తాలకు ఆ రెండూ ఒకటిగానే వినబడి, రెండిటినీ కెన్నెత్ అనే ఒక్క మూటలో కట్టేశారు.

ఆడవాళ్ళ పేర్లు వ్రాతలోకి రావడమే తక్కువ. కైఫీయత్తులు చదివితే రాజులు, రెడ్లు, కరణాలు, మాన్యాలు పుట్టలుపుట్టలుగా ఉంటాయి. రాణో, గుడికి దానమిచ్చిన పుణ్యాత్మురాలో అయితే తప్ప ఆడవాళ్ళ పేరు అరుదు. ఇంట్లో కూడా అంతే. కోడలు అత్తగారి పేరు నోట పలకకూడదు. మనవరాలికి ఆ పేరే పెడితే, పిల్లను పిలవడానికి బుజ్జమ్మ అనో, అమ్మన్న అనో ఇంకొకటి తగిలిస్తారు. నాయనమ్మ పేరు పిల్లకు పెడతారు, పెట్టి దాచేస్తారు. ఏళ్ళు గడిచాక అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఉండదు. మార్కాపురం అంటే పలకలకు పేరుగాంచిన ఊరు కదా. ఆ రాతిపలక మీద దేశంలో ఎందరో పిల్లలు పేరు దిద్దుకున్నారు. మా తరం వరకు ఆ ఊరి ఆడపిల్లలు కూడా దానిమీద బలపంతో 'చెన్నమ్మ' అని దిద్ది, ఉమ్మితో తుడిచి, మళ్ళీ దిద్దినవాళ్ళే. అటు తరువాత పెళ్ళయి, ఫలానావారి కోడలు, ఫలానావాడి తల్లి అయ్యారు.

మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే, ఆవిడ అసలు పేరేమిటో, ఎవరి పేరు పెట్టారో ఇవాళే అడిగి ఒక కాగితం మీద వ్రాసిపెట్టుకోండి. మన ఊళ్ళ పేర్లకు ఇంకో బొర్రయ్య, లక్ష్మయ్య వస్తారని చూస్తూ కూర్చుంటే లాభం లేదు.

మెకంజీ 1821లో కలకత్తాలో పోయాడు. ఆయన కాగితాలన్నీ కుంపిణీవారు ఆయన భార్య పెట్రోనెల్లా దగ్గర పదివేల పౌన్లిచ్చి కొన్నారు. ఆయన మళ్ళీ లూయిస్ ద్వీపం చూడనేలేదు. ఆ ద్వీపంలోనూ, ఎదురుగా ఉన్న స్కాట్లండు కొండసీమలోనూ పేర్లు పెట్టే పద్ధతి మాత్రం మీకు బాగా తెలిసినదే. మొదటి మగపిల్లవాడికి నాన్నగారి తండ్రి పేరు పెడతారు. ఆడపిల్ల పుట్టినా తాత పేరు పోగొట్టుకోలేక, ఆ మగపేరుకే చివర 'ఈనా' అని తగిలించి పిల్లకు పెట్టేవారు. డొనాల్డు తాత అయితే డొనాల్డీనా. ముర్డో తాత అయితే ముర్డీనా. కెన్నెత్ తాత అయితే కెన్నెతీనా. ఈ చివరి పేరు తెలుగులో చెప్పాలంటే చెన్నమ్మ తప్ప వేరే మాట లేదు. ఇప్పటి పిల్లలు అక్కడా ఆ పేర్లు పాతచింతకాయ పచ్చడి అంటున్నారు. పెట్టుకున్నవాళ్ళను ఇంట్లో ఎవరూ పూర్తిపేరుతో పిలవరు. అందరినీ ఈనా అనే అంటారు.